తాగే నీళ్ల బోరు ఎండింది, పక్క తోట బోరు పోస్తూనే ఉంది. ఇందులో ఎవరి వాటా ఎంత?

కదిరి_కోడలు
మా అత్తగారిది కదిరికి దగ్గర్లో ఒక పల్లె. ఊరి ట్యాంకుకి నీళ్లెక్కించే పంచాయతీ బోరు మార్చి నుంచి గాలి కొడుతోంది. పొద్దున అరగంట పోస్తుంది, తర్వాత బురద. వాగు అవతల బయటి ఊరాయన ఒకాయన నలభై ఎకరాలు కొని దానిమ్మ పెట్టాడు, వరసగా వెయ్యి అడుగులు దాటించి బోర్లు వేయించాడు, ఆ తోటలో డ్రిప్ మాత్రం ఒక్క పూట ఆగట్లేదు. ఆఫీసులో అడిగితే "250 మీటర్ల అవతల ఉంది కదమ్మా, రూల్ ప్రకారం తప్పు లేదు" అని పంపేశారు. ట్యాంకర్ రోజు మార్చి రోజు వస్తోంది, వచ్చిన రోజు వీధిలో కొట్లాట. కాలవ నీళ్లకైతే ఈ ఆయకట్టుకి ఇంత, ఆ రాష్ట్రానికి ఇంత అని టీఎంసీల్లో లెక్క ఉంటుంది, ట్రిబ్యునళ్లుంటాయి. భూమి కింద నీళ్లకి ఆ లెక్క ఎవరు వేస్తారు? అసలు వేస్తారా?

సీమ_పిల్లోడు
వెయ్యరు. ఎవడి మోటారు హెచ్‌పీ ఎక్కువైతే వాడివే నీళ్లు. టాపిక్ క్లోజ్.

బుడ్డలబస్తా
హెచ్‌పీ కాదు బ్రో, అడుగులు. మా కళ్యాణదుర్గం వైపు ఒకడు 600 పోతే పక్కోడు 800 పోతాడు, ఇంకొకడు రిగ్గు తెచ్చి 1100 పోతాడు. చివరికి అందరికీ కలిపి పడేది అవే రెండించుల నీళ్లు, అందరికీ మిగిలేది అప్పు.

చీనీతోట
మొదలుపెట్టారా రైతు మీద పడ్డం. సరదాకి ఎవరైనా వెయ్యి అడుగులు వేయిస్తారా? లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, పైనుంచి కేసింగ్, కేబుల్, మోటారు, అది కాలితే రివైండింగ్. మా నాన్న పెట్టిన చీనీ (బత్తాయి) చెట్లు కాపుకొచ్చాక బోరు ఎండితే ఏం చెయ్యమంటారు, చూస్తూ కూర్చోమంటారా? ట్యాంకర్లతో నీళ్లు కొని చెట్లకి పోసి బతికించుకున్న కుటుంబాలు మా మండలంలో బోలెడు. అలా పోసీ పోసీ చివరికి గొడ్డలి పెట్టి నరికేసినవాళ్లూ ఉన్నారు. ఊళ్లో తాగే నీళ్లు పోయాయంటే దానికి బాధ్యత పంచాయతీది, రైతుది కాదు.

కదిరి_కోడలు
అన్నా నేను రైతులందర్నీ అనలేదు. మా ఇంట్లో కూడా బోరుంది, అదీ పోయింది. నా ప్రశ్న తాగే నీళ్లకి ముందు వాటా ఉండాలా వద్దా అని.

చీనీతోట
ఉండాలి. దాని గురించి నాకు గొడవ లేదు. ఆ మిగతాది ఎలా పంచుతారన్నదే గొడవ.

రిటైర్డ్_జియాలజిస్ట్
భూగర్భ జల శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాయి. గోదావరి డెల్టాలో లాగా ఇసుక పొర అడుగున సముద్రంలా నీళ్లుండవు. పైన పది, ఇరవై మీటర్ల దాకా చివికిన రాయి, అందులో కొంత నీరు నిలుస్తుంది. దాని కింద గట్టి రాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. వెయ్యి అడుగుల బోరు వేసినవాడికి కొత్త నీళ్లేమీ దొరకవు. పైపొరలో ఊరాల్సిన నీరే పగుళ్ల వెంట కిందికి దిగి అతని బోరులోకి వస్తుంది. అందుకే ముందు బావులు ఎండాయి, తర్వాత 200 అడుగుల బోర్లు, ఇప్పుడు 450 అడుగులవి.

ఇక లెక్క. మన దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, అంటే ఎకరం మీద పడేది సుమారు 22 లక్షల లీటర్లు. ఇలాంటి రాతి నేలల్లో బంకమన్ను ఎక్కువుంటే వానలో 8 శాతం దాకా భూమిలోకి ఇంకుతుందని కేంద్ర భూగర్భ జల మండలి లెక్కల్లో వాడే అంచనా. మంచి నేలయితే 11. ఎనిమిదే వేసుకుందాం, ఎకరానికి లక్షా 80 వేల లీటర్లు. యాసంగిలో ఎకరం వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడతారు, అంటే 48 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరి 27 ఎకరాల్లో ఇంకిన వాన తాగేస్తుంది.

ఇంకొకటి చూడండి. 3,000 మంది ఉన్న ఊరికి మనిషికి రోజుకి 55 లీటర్ల చొప్పున ఏడాదికి కావాల్సింది 6 కోట్ల లీటర్లు. అది 12 ఎకరాల వరికి పెట్టే నీళ్లు, అంతే. ఊళ్లో తాగే నీళ్లు లేవంటే నీళ్లు చాలక కాదు, ఆ కొంచెం నీళ్లని ఎవరూ పక్కన పెట్టలేదు కాబట్టి.

బుడ్డలబస్తా
సార్ వరికి పెట్టిన నీళ్లన్నీ ఆవిరైపోవు కదా, సగం మళ్లీ కిందికే పోతాయి. మడిలో నిలబెట్టేది అందుకే అంటారు మా వాళ్లు.

రిటైర్డ్_జియాలజిస్ట్
మంచి ప్రశ్న. తిరిగి ఇంకేది ఉంది, కానీ అది నీటి మట్టం ఎంత లోతుందన్న దాని మీద ఆధారపడుతుంది. మట్టం 10 మీటర్ల లోపు ఉంటే బోరు కింద వరికి పెట్టిన దాంట్లో 45 శాతం తిరిగి వస్తుందని లెక్కేస్తారు, 25 మీటర్లు దాటితే 20 శాతమే. మీ దగ్గర లోతు మీకు తెలుసు. 20 శాతం తీసేస్తే నా 27 ఎకరాలు 21, 22 అవుతాయి. అంతకన్నా తగ్గదు.

సీమ_పిల్లోడు
ఇన్ని లెక్కలు తెలిసిన శాఖ ఉండి కూడా బోరు ఎక్కడ వెయ్యాలో పాయింట్ చూడ్డానికి అరచేతిలో టెంకాయ పెట్టుకున్న ఆయన్నే పిలుస్తాం. టెంకాయ నిలబడితే నీళ్లు, పడిపోతే కూడా నీళ్లే, ఫీజు మాత్రం ముందే.

బుడ్డలబస్తా
టెంకాయ ఆయన పాయింట్ ఫెయిలైతే కనీసం చట్నీ అయినా వస్తుంది.

లా_చదువుతున్నా
కదిరి_కోడలు గారి అసలు ప్రశ్నకి వస్తాను. మన దేశంలో భూగర్భ జలం మీద హక్కు భూమితోపాటే నడుస్తుంది, ఈ పద్ధతి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తోంది. పొలం నాది కాబట్టి దాని కింద నేను తోడుకున్నంతా నాదే. పక్కవాడి బావి ఎండినా సరే. అంటే ఆ దానిమ్మ తోటాయన ఎవరి నీళ్లూ దొంగిలించలేదు, పాత చట్టం లెక్కలో.

దీనికి పగ్గం వెయ్యడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం వచ్చింది, నీరు, భూమి, చెట్ల చట్టం. తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు కొత్త బోరు వెయ్యకూడదు, బోర్లూ రిగ్గులూ రిజిస్టర్ చేయించాలి, అతిగా తోడేసిన గ్రామాల్లో కొత్త బోరుకి అనుమతి ఇవ్వకూడదు. తాగే నీళ్లకి దెబ్బ తగిలితే పక్క బోర్లలో తోడకం కొంతకాలం ఆపించే అధికారం కూడా అందులో ఉంది. కాబట్టి "250 దాటింది, మేమేం చెయ్యలేం" అన్నది సగం జవాబే. అర్జీలో 250 మీటర్ల మాట వదిలేసి, తాగునీటి వనరు దెబ్బతింటోంది, విచారణ జరిపించండి అని రాయండి. తహసీల్దారుకి ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఊరు అతిగా తోడిన గ్రామాల జాబితాలో ఉందో లేదో కూడా అడగండి, ఉంటే ఆ కొత్త బోర్లకి అనుమతి ఎలా వచ్చిందన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది.

చీనీతోట
అనుమతి తీసుకుని బోరు వేసినవాడు ఎవడైనా ఉన్నాడా? రాత్రి పది తర్వాత రిగ్గు వస్తుంది, తెల్లారేసరికి బోరు ఉంటుంది.

లా_చదువుతున్నా
అదే కదా నేననేది. ఒక మండలంలో కొన్ని వేల బోర్లుంటే వాటిని చూసే మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రైతుని ఒక్కొక్కడిగా పట్టుకుని జరిమానా వేస్తామంటే ఏ ప్రభుత్వమూ చెయ్యదు, ఓట్లున్నాయి.

జనగామ_నర్సన్న
మా దిక్కు కథ వేరే ఉంది, వినండి. ఒకప్పుడు జనగామ అంటే కరువే. తర్వాత దేవాదుల ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లొచ్చినయి, మిషన్ కాకతీయల చెరువుల పూడిక తీసిండ్రు, చెరువులు నిండినయి, బోర్లు మళ్లీ పోసినయి. అందరం సంబురపడ్డం. 2018 జనవరి ఒకటి నుంచి 24 గంటల ఫ్రీ కరెంటు. ఇగ ఏమైంది? మెట్ట పంటలు పోయి ఊరంతా వరి. మోటార్లకు ఆటో స్టార్టర్లు, కరెంటు ఉంటే చాలు, మనిషి లేకున్నా మోటారు నడుస్తది. ఆ తర్వాత ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు, యాసంగిల పొట్టకొచ్చిన వరి మీద పశువులను తోలిండ్రు. నీళ్లు తెచ్చుడు ఒక పని, వచ్చిన నీళ్లకు లెక్క పెట్టుడు ఇంకో పని. రెండోది ఎవలూ చెయ్యలే.

సీమ_పిల్లోడు
మాకు ఆ మొదటి పని కూడా పూర్తవలేదు అన్నా. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు ఎత్తిపోసే హంద్రీ నీవా కాలవ నీళ్లు అన్ని చెరువులకీ వస్తే ఈ థ్రెడ్డే ఉండదు. 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాలు అని చెప్పారు. 2012లో జీడిపల్లి రిజర్వాయరుకి నీళ్లొచ్చినప్పుడు మా నాన్న బండి మీద తీసుకెళ్లి చూపించాడు. కాలవలు వెడల్పు చేసి, పిల్ల కాలవలు తవ్వి, నీళ్లు చెరువుల్లోకి తోలండి, బోర్లు వాటంతటవే లేస్తాయి. ముందు నీళ్లివ్వకుండా రైతుకి పొదుపు పాఠాలు చెప్పడం నాకు నచ్చదు.

తుంగభద్ర77
చెరువులు నింపితే బోర్లు లేస్తాయి, నిజం, చుట్టుపక్కల ఊళ్లలో చూస్తున్నాం. కానీ హంద్రీ నీవాకి, కృష్ణా నీళ్లని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన నికర జలాలు, అంటే ఖాయం వాటా, లేవన్నది మర్చిపోకండి. అది మిగులు జలాల ప్రాజెక్టు. కృష్ణకి వరద వచ్చి శ్రీశైలం నిండితేనే మల్యాల దగ్గర మోటార్లు తిప్పుతారు. కరువు మనకొక్కరికే రాదు, కర్ణాటక, మహారాష్ట్రల్లో వాన పడని ఏడు శ్రీశైలమూ నిండదు. అంటే మనకి నీళ్లు బాగా అవసరమైన ఏడాదే ఆ కాలవ నమ్మకం తక్కువ.

ఇక నికర జలాలున్న కాలవ సంగతి. తుంగభద్ర హెచ్చెల్సీకి (ఎగువ కాలవకి) మన వాటా 32.5 టీఎంసీలు కాగితం మీద. డ్యామ్‌లో పూడిక పేరుకుని 133 టీఎంసీల సామర్థ్యం 105 దగ్గరికి పడిపోయింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నిండు డ్యామ్ నుంచి నీళ్లు కిందికి పోతుంటే టీవీలో చూశాం. కాలవ రావాలి, వద్దనట్లేదు. కానీ కరువు ఏడాదికి దాచుకునే బ్యాంకు భూమి కిందే ఉంది. దాన్ని వానలు పడిన ఏడాదే ఖాళీ చేసేస్తున్నాం.

సీమ_పిల్లోడు
సరే, ఒప్పుకోను కానీ పాయింటుంది.

నీటికొలత_మల్లి
ఈ లెక్క వేసిన ఊళ్లు ఉన్నాయి, మాది ఒకటి. 2003 తర్వాత అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలు కొలుచుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ వాళ్ల సాయంతో. ఆరు వందలకు పైగా ఊళ్లు. మాకు వాన కొలిచే గేజీ ఇచ్చారు, కొన్ని బోర్లని ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటి మట్టం కొలిచి రిజిస్టర్లో రాసేవాళ్లం. ఆడవాళ్లం కూడా కొలిచేవాళ్లం, మొదట్లో నవ్వారు, తర్వాత మమ్మల్నే అడిగేవాళ్లు "ఈసారి ఎంత దిగిందమ్మా" అని. వానాకాలం అయ్యాక ఊరందరూ కూర్చునేవాళ్లు. ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, తాగే నీళ్లకీ పశువులకీ ఇంత తీసి పక్కన పెడితే మిగిలేది ఇంత, మీరు యాసంగికి వేద్దామనుకున్న పంటలకి కావాల్సింది ఇంత అని గోడ మీద రాసేవాళ్లు. ఎవరినీ వరి వెయ్యొద్దని అనలేదు, జరిమానా లేదు, సబ్సిడీ లేదు. గోడ మీద అంకె చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే వరి తగ్గించి శనగ, మినుము, జొన్న వేశారు. బోరు ఎండితే పెట్టుబడి పోతుందని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎప్పుడు ఎండుతుందో ముందే తెలిస్తే చాలు.

చీనీతోట
ఇప్పుడు కూడా కొలుస్తున్నారా?

నీటికొలత_మల్లి
ప్రాజెక్టు అయిపోయాక కొన్నాళ్లు కొలిచాం. తర్వాత కొలిచే టేపు తెగిపోయింది, కొత్తది ఎవరూ కొనలేదు. గేజీ స్కూల్లో ఉంది, పిల్లలు అందులో గోళీలు వేస్తారు.

చీనీతోట
అదీ సంగతి. ఇంకో తేడా కూడా ఉందమ్మా. వరి వేసేవాడు ఈ ఏడు మానేసి శనగ వేసుకోగలడు. చీనీ, దానిమ్మ పెట్టినవాడు మానలేడు. చెట్టుకి మే నెలలో కూడా నీళ్లు కావాలి, కరువొచ్చిన ఏడు ఇంకా ఎక్కువ కావాలి. డ్రిప్ మీద ఎకరానికి వరి కన్నా చాలా తక్కువ తాగుతుంది నిజమే, కానీ ఆగదు. గోడ మీద ఎంత పెద్ద అంకె రాసినా నేను చెట్లని ఎండబెట్టను.

రిటైర్డ్_జియాలజిస్ట్
ఈ థ్రెడ్‌లో అందరూ దాటేస్తున్న పాయింట్ ఇదే. డ్రిప్ వల్ల నీళ్లు మిగులుతాయని సబ్సిడీ ఇచ్చాం. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాల తోట పెట్టాడు. మొత్తం తోడకం తగ్గలేదు, పైగా కరువులో తగ్గించలేని తోడకం అయింది. తోటలకి అనుమతిచ్చేటప్పుడు ఆ వాగు పరీవాహకంలో కరువు ఏడాది ఎంత ఇంకుతుందో చూసి, దాంట్లో తాగే నీళ్లు తీసేసి, మిగిలిన దానికి సరిపడా తోటలే ఉండాలి. సగటు వాన చూసి ప్లాన్ చేస్తే సగటు రాని ప్రతి ఏడూ ట్యాంకర్లే.

పూణే_తెలుగోడు
మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊరు చూసి రండి. వాన మనకన్నా తక్కువే. ఏటా నీటి బడ్జెట్ వేస్తారు, వ్యవసాయానికి బోర్లు నిషేధం, బావులే. చెరకు, అరటి వెయ్యరు. ముంబై వెళ్లిపోయినవాళ్లు వెనక్కి వచ్చారు.

బుడ్డలబస్తా
ప్రతి థ్రెడ్‌లో ఒకరు హివ్రే బజార్ తెస్తారు. అది చిన్న ఊరు, పోపట్‌రావ్ పవార్ లాంటి సర్పంచ్ ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్నాడు, ఊరు మాట విన్నది. మా ఊళ్లో జాతర ఏ రోజు చెయ్యాలన్నదానికే మూడు వర్గాలు.

ఫ్రెస్నో_బాబాయ్
ఇక్కడ కాలిఫోర్నియాలో కూడా సేమ్ సినిమా. బాదం తోటలు, లోతు బోర్లు, పక్కన చిన్న ఊళ్లలో ఇళ్ల బావులు ఎండిపోయి బాటిల్ నీళ్లు పంచారు. 2014లో చట్టం తెచ్చారు, ప్రతి ప్రాంతానికీ ఒక సంస్థ, బాగా తోడేసిన చోట్ల 2040కల్లా తోడేదీ ఇంకేదీ సరిపోవాలి అని. కొన్నిచోట్ల ఎకరానికి ఇంత అని వాటా, మీటరు, దాటితే ఫీజు. బాగుంది కదా అనుకుంటాం. కానీ ఎకరాన్ని బట్టి పంచితే వెయ్యి ఎకరాల కంపెనీకి వెయ్యి వాటాలు, చిన్నోడికి ఐదు. వాటా వెయ్యగానే న్యాయం అయిపోదు, దేన్ని బట్టి వేశామన్నది చూడాలి.

జనగామ_నర్సన్న
గిది మస్తు పాయింట్. భూమి లేనోళ్ల సంగతేంది మరి? కూలోళ్లకు బోరు లేదు, వాటా లేదు, బిందె ఒక్కటే.

కదిరి_కోడలు
అదే నేనూ అడుగుతోంది. మా వీధిలో సగం మందికి సెంటు పొలం లేదు. ఎకరాల లెక్కన పంచితే వాళ్ల వాటా సున్నా.

చీనీతోట
తాగే నీళ్లు మనిషి లెక్కన ముందే తీసేస్తే ఆ సమస్య లేదు. మిగిలింది పాత రైతులకీ కొత్తగా కొన్నోళ్లకీ ఎలా అన్నది తేల్చాలి. ముప్పై ఏళ్ల నుంచి బోరు కింద బతుకుతున్నవాడికీ, పోయినేడు బెంగళూరు డబ్బుతో వచ్చినవాడికీ ఒకే వాటా అంటే నేనొప్పుకోను.

లా_చదువుతున్నా
ముందొచ్చినవాడికి ముందు అంటే, ఇప్పటిదాకా బోరు వేసుకోలేని పేద రైతుకి ఎప్పటికీ రాదు. ఎస్సీ కాలనీ వాళ్లకి ఇచ్చిన భూముల్లో చాలాచోట్ల ఇప్పటికీ బోరు లేదు. అది కూడా ఆలోచించండి.

చీనీతోట
ఆలోచిస్తాను. కానీ జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరా లేదు.

నీటికొలత_మల్లి
బోర్లు కలిపి వాడుకున్న ఊళ్లు ఉన్నాయి మన జిల్లాల్లోనే. పోసే బోర్లున్న రైతులు పైపులు కలిపి, బోరు లేనివాళ్ల వర్షాధార పంటకి కూడా ఒకటి రెండు తడులిస్తారు. దానికి బదులు అందరూ కలిసి ఇన్నేళ్లు కొత్త బోరు వెయ్యం, వరి వెయ్యం అని రాసుకుంటారు. చెనిక్కాయ (వేరుశనగ) ఊడలు దిగేటప్పుడు ఒక్క తడి అందితే పంట చేతికొస్తుంది. బోరున్నవాడికి లాభం ఏంటంటే పక్కన ఇంకో బోరు పడదు.

సీమ_పిల్లోడు
ఇది నచ్చింది. కానీ నలభై ఎకరాల దానిమ్మాయన సంతకం పెడతాడా? ఆయన ఊళ్లో ఉండనే ఉండడు.

కదిరి_కోడలు
మేనేజర్ ఉంటాడు. నిన్న పంచాయతీ సెక్రటరీతో మాట్లాడాను. అర్జీ రాశాం, లా_చదువుతున్నా గారు చెప్పినట్టే, రసీదు కూడా తీసుకున్నా. గ్రామసభలో తాగే నీళ్ల లెక్క పెట్టమని ఆడవాళ్ల సంఘం తరఫున అడుగుతాం. మేనేజర్నీ పిలుస్తాం, ఆ బోర్లలో ఒకటి ఊరి ట్యాంకుకి వేసవి మూడు నెలలు ఇస్తారా అని. ఇవ్వకపోతే అప్పుడు చట్టం. జియాలజిస్ట్ సార్, గ్రామసభలో మాటలు కాకుండా ఏదైనా చూపించాలంటే ఏం చూపించాలి?

తుంగభద్ర77
నీటి మట్టం కొలవడానికి ప్రభుత్వం వేసిన పీజోమీటర్ బోర్లు వెయ్యికి పైగా ఉన్నాయి రాష్ట్రంలో, మీ మండలంలో ఏది దగ్గరో చూడండి. మట్టం ఎంత దిగిందో ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది.

రిటైర్డ్_జియాలజిస్ట్
పీజోమీటర్ మండలం సంగతి చెబుతుంది, మీ వాగు సంగతి చెప్పదు. మీరే కొలవండి. పంచాయతీ బోరు, మీ ఇంటి ఎండిన బోరు, వీలైతే తోట వైపు ఇంకొకటి. టేపు లేకపోతే తాడుకి బరువు కట్టి, మీటరుకో ముడి వేసి, తడిసిన చోటు చూసుకోవచ్చు, మోటారున్న బోరులో మాత్రం కేబుల్‌కి చుట్టుకోకుండా జాగ్రత్త. మోటారు ఆపి కొన్ని గంటలయ్యాక, పొద్దున కరెంటు రాకముందు కొలవండి, లేకపోతే తప్పు అంకె వస్తుంది. తేదీ పక్కన ఆ రోజు తోటలో ఎన్ని మోటార్లు నడిచాయో కూడా రాయండి. తోట మోటార్లు ఆగిన రోజు మీ బోరు కొంచెమైనా లేచిందంటే 250 మీటర్ల మాట ఇంకెవరూ ఎత్తరు.

నీటికొలత_మల్లి
తాడు వద్దమ్మా, సాగుతుంది. మా రిజిస్టర్ నమూనా ఫోటో పెడతాను, అలాగే గీసుకోండి. టేపు అనంతపురంలో దొరుకుతుంది, చందా వేసుకుంటే ఇంటికి పెద్దగా పడదు.